రక్తపోటులో ‘పోటు’ ఎక్కడుంది?

సందేహం: మా నాన్నగారికి బీపీ ఎక్కువగా ఉందని తేలింది. చీటీలో ‘రక్తపోటు’ అని చూసి, “నాకు ఎక్కడా పోటే లేదు, మందులెందుకు?” అంటున్నారు. గుండెపోటులోని పోటూ, రక్తపోటులోని పోటూ ఒకటేనా? ఇంకొకటి: ‘హృద్రోగం’ అనాలా, ‘హృదయరోగం’ అనాలా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: మీ నాన్నగారిది భాష తెలిసినవారి వాదనే. కాకపోతే మందులు మానడానికి అది పనికిరాదు.

పోటు అనగానే మనకు తోచేది నొప్పి. తలపోటు, చెవిపోటు, కత్తిపోటు, వెన్నుపోటు అన్నీ పొడవడానికి సంబంధించినవే. గుండెపోటు కూడా ఆ బంతిలో కూర్చునేదే. కానీ ‘పొడుచు’కు పైకి రావడం అనే అర్థం కూడా ఉంది. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అంటాం కదా! సముద్రం పొంగి గట్టు మీదికి వస్తే పోటు, వెనక్కి తగ్గితే ఆటు. రక్తపోటును ఈ ఆటుపోట్ల పక్కన పెట్టి చూడండి, అర్థం తేటపడుతుంది.

డాక్టరు 120/80 అని రాస్తారు. గుండె ముడుచుకుని రక్తాన్ని ధమనుల్లోకి నెట్టినప్పటి ఒత్తిడి పై అంకె. గుండె వదులై మళ్లీ నిండుతున్నప్పుడు ధమనుల్లో మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె. అంటే ఒకటి పోటు, ఇంకొకటి ఆటు. సముద్రానికి రోజుకు రెండుసార్లు వచ్చే పోటు మన ఒంట్లో నిమిషానికి సుమారు 70 సార్లు వస్తుంది. ఇంత చక్కగా అతికిన వైద్యపదాలు మనకు తక్కువ. ఈ పోటుకు నొప్పితో పని లేదు. అది ఎక్కువై ఏళ్ల తరబడి గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తున్నా చాలామందికి ఏమీ తెలియదు. నాన్నగారికి ఈ మాట చెప్పండి.

నిజానికి నాకు పేచీ ఉన్నది గుండెపోటుతోనే. ఆ మాట వింటే సూదితో పొడిచినట్టు, కలుక్కుమన్నట్టు ఉంటుందేమో అనిపిస్తుంది. వచ్చి తేరుకున్నవారిని అడగండి. చాలామంది “రొమ్ము మీద బండ పెట్టినట్టుంది”, “ఎవరో పట్టి బిగించినట్టుంది” అంటారు. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని పూడుకుపోయి, ప్రాణవాయువు అందక ఆ కండరం పడే బాధ అది. ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకవచ్చు. చెమటలు పట్టవచ్చు, ఆయాసం రావచ్చు. షుగరు ఉన్నవారికి ఒక్కోసారి నొప్పే తెలియదు. పోటు కోసం ఎదురుచూసేవారు ఈ బరువును గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. మాట మార్చమని నేను అనను, జనం నోట నాటుకుపోయింది. కానీ అలాంటి బరువు పట్టి వదలకపోతే 108కి ఫోన్ చేయాలి. డాక్టరు దగ్గర ‘పోటు’ అని ఊరుకోకుండా బరువా, బిగింపా, మంటా అన్నది విడమరిచి చెప్పాలి.

మంట అంటే గుర్తొచ్చింది. ఒంట్లో ఉన్నది పిడికిలంత గుండె, అదీ ఒక్కటే. మనం మాత్రం ‘గుండెలు’ బాదుకుంటాం, ‘గుండెల మీద’ చెయ్యి వేసుకుంటాం. అక్కడ గుండెలంటే రొమ్మంతా. అందుకే ‘గుండెల్లో మంట’ అన్నది చాలాసార్లు జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నడమే అవుతుంది. అలాగని ప్రతి మంటనూ పులితేన్పుల ఖాతాలో వేయకూడదు. పత్రికలవారికి కూడా ఒక మనవి: గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు. మొదటిది రక్తం దారి మూసుకుపోవడం, మనిషి స్పృహలోనే ఉండవచ్చు. రెండోది కొట్టుకోవడమే నిలిచిపోవడం, మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు గాని రెండూ ఒకటి కావు.

ఇక హృద్రోగం, హృదయరోగం రెండూ సాధువులే. శోక, రోగ శబ్దాలు తర్వాత వచ్చినప్పుడు ‘హృదయ’కు బదులు ‘హృద్’ వికల్పంగా, అంటే వాడినా వాడకపోయినా సరే అన్నట్టుగా, వస్తుందని పాణిని సూత్రం. మాట్లాడేటప్పుడు ‘గుండెజబ్బు’ ఉండగా ఈ రెండిటితోనూ పనిలేదనుకోండి. అంతకు ముందరి సూత్రంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ ‘హృద్’ రావాల్సిందే. మనం రోజూ వాడే ‘హృద్యం’ అలా వచ్చిందే. ‘హృల్లాసం’ కూడా అంతే. వినడానికి ఉల్లాసానికి చుట్టంలా ఉంటుంది గాని, ఆయుర్వేదంలో ఆ మాటకు అర్థం డోకు వచ్చినట్టుండటం. గుండెపోటులో కొందరికి, ముఖ్యంగా ఆడవారికి, రొమ్ములో బరువు కంటే ముందు తెలిసేది ఆ వికారమే.