టైటాన్ ట్యూన్ ఎవరిది? పాత క్యాసెట్‌కు ఏం జబ్బు?

ప్రశ్న: టైటాన్ వాచీల ప్రకటన సంగీతం మనవాళ్లు కట్టిందేనా? పాత టీవీ ట్యూన్లు క్యాసెట్‌లో ఉన్నాయి. ఇప్పుడు బొంగురుగా, సాగదీసినట్టు వస్తున్నాయి. ఫోన్‌లోకి ఎక్కించుకునేదెట్లా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదండీ. అది ఆస్ట్రియా స్వరకర్త మొజార్ట్ 25వ సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసే రచన) మొదటి భాగం. 1773లో రాశాడు, అప్పటికి పదిహేడేళ్లవాడు! దూరదర్శన్ ట్యూన్ మాత్రం పండిట్ రవిశంకర్‌ది. 'మాల్గుడి డేస్' సంగీతం ఎల్.వైద్యనాథన్‌ది.

ఇక క్యాసెట్. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. ప్లేయర్ లోపల టేపును నడిపే రబ్బరు బెల్టు వదులైతే వేగం పడిపోతుంది. ఆరు శాతం తగ్గినా శ్రుతి అరమెట్టు దిగుతుంది. ముందు బెల్టు మార్పించండి. ఒకే తీరుగా నెమ్మదించిన పాటను కంప్యూటర్‌లో సరిచేయొచ్చు గానీ, వేగం ఊగిసలాడేదాన్ని సరిచేయడం మహా కష్టం.

బొంగురుకు కారణం చాలాసార్లు హెడ్ (టేపును చదివే లోహపు ముక్క) మీద పేరుకున్న గోధుమరంగు పొడి. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడవండి. రబ్బరు రోలర్‌కు అది తగలనీయొద్దు, తడిబట్ట చాలు. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి 3.5 మి.మీ. స్టీరియో వైరును కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి పరికరాల శబ్దం తీసుకునే రంధ్రం) కలపండి. మైక్ రంధ్రంలో పెడితే గరగరే. రికార్డింగ్ మీటరులో శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసి, వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు) దాచి, ఆపైన ఎంపీ3 చేసుకుని ఫోన్‌లో వేసుకోండి.

మీ ఊరి ఎండలో కారులో వదిలేసిన క్యాసెట్టయితే పెట్టె వంగి టేపు ఇరుక్కుంటుంది. స్క్రూలుంటే విప్పి, టేపు చుట్టిన చక్రాలను వేరే క్యాసెట్ పెట్టెలోకి మార్చండి.