ఆఖెన్ వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీలో నీకు రీసెర్చ్ ఉద్యోగం ఖాయమైందని అక్క ఫోన్ చేసినప్పటి నుంచీ నీకేం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ముప్పై ఏళ్ల కిందట నేను దిగిన ఊరు అది. ఫోన్‌లో అయితే వీసా, టికెట్ల గొడవలోనే టైమైపోతుంది. అందుకే రాసి పంపుతున్నాను.

'చదువుకోవడానికి వెళ్తున్నాను' అని అందరికీ చెప్తున్నావట. అక్కడ ఇంజినీరింగ్ డాక్టరేట్ అంటే చాలావరకు ఉద్యోగమే. నువ్వు సంతకం పెట్టింది ఉద్యోగ ఒప్పందం మీద. జీతం ప్రభుత్వ స్కేలు ప్రకారం, టీవీ-ఎల్ 13వ గ్రేడులో వస్తుంది. ఆ జీతానికి ప్రాజెక్టు పని చేయాలి, డబ్బిచ్చినవాళ్లకు రిపోర్టులు రాయాలి, మాస్టర్స్ పిల్లల థీసిస్‌లు చూడాలి, పరీక్ష పేపర్లు దిద్దాలి. నీ సొంత థీసిస్‌కి వీటి మధ్యలో చోటు వెతుక్కోవాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం డాక్టరేట్‌కి ముందు ఇలాంటి తాత్కాలిక ఒప్పందాల మీద మామూలుగా ఆరేళ్లకు మించి ఉంచుకోరు. కాబట్టి వారంలో ఒక పూట, శుక్రవారం ఉదయం అనుకో, థీసిస్‌కే అని మొదటి నెలలోనే గీత గీసుకో. మొదటి ఏడాది తిరిగేలోపు అధ్యాయాల పట్టిక ఒకటి రెండు పేజీల్లో రాసి మీ ప్రొఫెసర్‌కి చూపించు. తప్పులున్నా ఫరవాలేదు, చూపించు.

గైడ్‌ని వాళ్లు 'డాక్టర్‌ఫాటర్' అంటారు, డాక్టరేట్‌కి తండ్రి లాంటివాడని. ఆ మాట విని రోజూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తారనుకోకు. ఆఖెన్‌లో పెద్ద ఇన్‌స్టిట్యూట్ అంటే వందల మంది పనిచేసే చోటు. ప్రొఫెసర్ నెలకో, రెండు నెలలకో దొరుకుతారు. రోజువారీ నీకు దిక్కు గ్రూప్ లీడర్, ఆయన పైన ఒబెర్‌ఇంజినీర్, అంటే సీనియర్ ఇంజినీర్.

ఇప్పుడు అసలు విషయం. దీనికోసమే ఇంత రాస్తున్నాను. ఏదైనా పనిచేయకపోతే వెంటనే చెప్పు.

మద్రాసు ఐఐటీలో ఎం.టెక్. చేసేటప్పుడు మా వర్క్‌షాపులో జర్మన్ మెషీన్లు ఉండేవి. ఆ ఐఐటీ 1959లో పశ్చిమ జర్మనీ సాయంతోనే మొదలైంది. ఆ మెషీన్ల మీద చేయి తిరిగిందన్న ధైర్యంతోనే నేను ఆఖెన్‌లో అడుగుపెట్టాను. మిల్లింగ్‌లో, అంటే తిరిగే పనిముట్టుతో లోహాన్ని చెక్కేటప్పుడు, కటింగ్ టూల్ మీద పడే బలాన్ని కొలవడం నా పని. దానికి వాడే పియెజో సెన్సర్ ఒత్తిడి పడితే చాలా కొద్దిపాటి విద్యుదావేశం ఇస్తుంది. ఒకరోజు నుంచి నా గ్రాఫ్ ఒక పక్కకి జారడం మొదలైంది. టూల్ లోహాన్ని తాకకముందే, ఏ బలమూ లేకుండానే, గీత మెల్లగా పైకి పాకేది. ఎవరినైనా అడిగితే ఇంత చిన్న విషయం తెలియదా అనుకుంటారేమోనని భయం. కంప్యూటర్‌లో ఆ జారుడుని లెక్కగట్టి తీసేస్తూ రెండు నెలలు నెట్టుకొచ్చాను. సుమారు నలభై ప్రయోగాలు అయ్యాయి. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

చివరికి వర్క్‌షాపు మైస్టర్‌కి, అంటే అక్కడి పెద్ద మేస్త్రీకి చెప్పాను. ఆయనకి డిగ్రీ లేదు, ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. కేబుల్ ఊడదీసి కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి చూశారు. "దీన్ని వేళ్లతో పట్టుకున్నావా?" అని అడిగారు. పట్టుకున్నాను. చేతి జిడ్డు, తేమ చేరి ఇన్సులేషన్ తగ్గిపోయింది, ఆ విద్యుదావేశం అక్కడి నుంచి కారిపోతోంది. ఆయన దాన్ని శుభ్రం చేసి, ఆరబెట్టి, మూత పెట్టడానికి పావుగంట పట్టింది. నలభై ప్రయోగాలూ మళ్లీ చేశాను.

ఎవరూ కోప్పడలేదు. గ్రూప్ లీడర్ ఒకటే అడిగారు: "మొదటి వారంలో ఎందుకు చెప్పలేదు?" నా దగ్గర జవాబు లేదు. పెద్దల ముందు తెలియదని ఒప్పుకుంటే చులకనైపోతామని మనకి చిన్నప్పుడే మనసులో పడిపోతుంది. నువ్వు వరంగల్ క్లాసులో డౌట్లన్నీ నోట్‌బుక్‌లోనే దాచుకునేదానివని అక్క చెప్పేది. అదే నాకు దిగులు. అక్కడ సోమవారం మీటింగులో 'ఇది పనిచేయలేదు, ఈ మూడు చూశాను, నాలుగోది తోచడం లేదు' అని చెప్పగలిగిన మనిషినే నమ్ముతారు. ఇంకోటి, వాళ్లు నీ పనిని ముఖం మీదే తప్పుపడతారు. 'ఈ గ్రాఫ్ అర్థం లేనిది' అంటారు. మధ్యాహ్నం అదే మనిషి నిన్ను పిలిచి భోజనానికి తీసుకెళ్తాడు. ఆ మాట గ్రాఫ్ గురించే తల్లీ, నీ గురించి కాదు. మొదటి ఏడాది నేను ఈ తేడా తెలియక చాలా బాధపడ్డాను.

వర్క్‌షాపు వాళ్లతో స్నేహంగా ఉండు. నీ ప్రయోగం వాళ్ల చేతుల్లో ఉంటుంది. నా మొదటి డ్రాయింగ్‌లో ప్రతి కొలతకీ వందో వంతు మిల్లీమీటరు టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) వేశాను, అలా వేస్తే జాగ్రత్తపరుణ్ణి అనుకుంటారని. మైస్టర్ ఎర్ర పెన్సిల్ తీసుకుని ఆ భాగంలో ఒక్కో ఉపరితలం దగ్గరా "ఇది దేనికి ఆనుతుంది?" అని అడిగారు. చాలావాటికి దేనికీ ఆనదు. ఆనే రెండు చోట్ల తప్ప మిగతావన్నీ కొట్టేశారు. ఆ పూట నేర్చుకున్నంత డిజైన్ నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. దశాంశానికి వాళ్లు చుక్క పెట్టరు, కామా పెడతారని గుర్తుంచుకో. 1,5 అంటే ఒకటిన్నర, 1.500 అంటే పదిహేను వందలు. డేటా ఫైలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్లేటప్పుడు దీనివల్ల చాలా తప్పులు జరుగుతాయి.

ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోతుంది, వర్క్‌షాపులో గడవదు. వెళ్లేలోపు ఎంత జర్మన్ వస్తే అంత మంచిది. మన 'నువ్వు', 'మీరు' లాగే వాళ్లకి 'డు', 'జీ' ఉన్నాయి కాబట్టి మనకి అది కష్టం కాదు. పెద్దవాళ్లు 'డు' అనమని చెప్పేదాకా 'జీ' అనే అను.

నీకు రాబోయే డాక్టర్-ఇంజినీర్ పట్టం వెనక ఒక కథ ఉంది. 1899 దాకా, అప్పటి జర్మనీలో పెద్ద రాజ్యమైన ప్రష్యాలో ఇంజినీరింగ్ విద్యాసంస్థలకి డాక్టరేట్ ఇచ్చే హక్కే లేదు, పాత యూనివర్సిటీలు ఒప్పుకునేవి కావు. కైజర్ (చక్రవర్తి) రెండో విల్‌హెల్మ్ ఆ ఏడాది ఆ హక్కు ఇచ్చాడు. 1870లో మొదలైన ఆఖెన్ కూడా అందులో ఉంది. అంత పట్టుదలతో తెచ్చుకున్న పట్టం కాబట్టి దాన్ని కాపాడుకోవడంలోనూ గట్టిగా ఉంటారు. 2011లో థీసిస్‌లో కాపీ బయటపడి రక్షణ మంత్రి గుట్టెన్‌బర్గ్ డాక్టరేటూ పోయింది, పదవీ పోయింది. 2013లో విద్యామంత్రి షావాన్‌కీ అంతే. ఇంకొకరి వాక్యం తీసుకుంటే ఆ రోజే, అక్కడే, ఎవరిదో రాసుకో. తర్వాత రాద్దాంలే అనుకోకు. ముడి డేటాని ఎప్పుడూ మార్చకు. దిద్దినది వేరే ఫైలులో పెట్టు. జర్మన్ రీసెర్చ్ ఫౌండేషన్ 1998 నుంచీ మూల డేటా పదేళ్లు దాచమని చెబుతోంది. నేను ఆ నలభై ప్రయోగాల పాత ఫైళ్లు కూడా పారేయలేదు, 'కనెక్టర్ చెడినవి' అని పేరు పెట్టి ఉంచాను.

రాత్రిపూట ఒంటరిగా మెషీన్ ఆన్ చేయకు. ఏడాదికోసారి సేఫ్టీ గురించి చెప్పి సంతకం తీసుకుంటారు, అందులో ఏముందో చదివి సంతకం పెట్టు.

కొత్తగా చేరినవాళ్లు తోటివాళ్లకి ఏదైనా తినడానికి పెట్టడం అక్కడ ఆనవాయితీ, 'ఐన్‌ష్టాండ్' అంటారు. పుట్టినరోజుకి కూడా కేకు మనమే తీసుకెళ్లాలి. అక్క పూతరేకులు కట్టిస్తానంటోంది, అవి దారిలో పొడైపోతాయి. సున్నుండలు తీసుకెళ్లు. మినుములు, బెల్లం, నెయ్యి అని జర్మన్‌లో ఒక చీటీ రాసి డబ్బా మీద అంటించు, జీడిపప్పు వేస్తే అదీ రాయి, కొందరికి పడదు. మొదటి డబ్బా వర్క్‌షాపులో పెట్టు, తర్వాత ఆఫీసులో.

నవంబర్‌లో ఒక శనివారం స్టట్‌గార్ట్ నుంచి రైల్లో వస్తాను. అప్పటికి నీ మొదటి డ్రాయింగ్ ఒకటి ప్రింట్ తీసి ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య