వేలంలో ఫ్లాట్ కొంటానంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కూకట్‌పల్లి ఫ్లాట్ వేలం నోటీసు చూశాను. బయట 80 లక్షలు పలికేది 60కి దొరుకుతోందని సంబరపడుతున్నావు. ధర సంగతి సరే, ఏ రోజుకు ఎంత డబ్బు కావాలో లెక్క వేశావా?

80 లక్షల మీద 80 శాతం లోన్ వస్తుంది, చేతి డబ్బే అక్కర్లేదు అన్నావు. అలా ఇవ్వరు. కొన్న ధర, వాల్యూయర్ (బ్యాంకు తరఫున ఆస్తికి విలువ కట్టేవాడు) కట్టిన విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానిమీదే ఇస్తారు. 60కి పాడితే 48 లక్షలు దాటదు. రిజిస్ట్రేషన్ ఖర్చు నీదే.

అసలు మెలిక వేరే ఉంది. ఇది సర్ఫేసీ వేలం, అంటే అప్పు కట్టనివాళ్ల ఆస్తిని బ్యాంకు ఆ చట్టం కింద అమ్మేది. ఇందులో పాట నీకు ఖాయమైతే ధరలో 25 శాతం ఆ రోజే, లేదంటే మరుసటి పనిదినానికల్లా కట్టాలి. ఈఎండీతో (పాటకు ముందే కట్టే ధరావతుతో) కలిపి 15 లక్షలు. మిగతా 45 లక్షలకు, అమ్మకం ఖరారైన నాటినుంచి 15 రోజులే గడువు. పెంచమని అడగొచ్చు, ఒప్పుకున్నా మూడు నెలలు మించదు. కట్టలేకపోతే ఆ 15 లక్షలూ పోయినట్టే. జప్తు సబబేనని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అందుకే పాటకు ముందే లోన్ సంగతి తేల్చుకో. మొదట వేలం వేస్తున్న బ్యాంకునే అడుగు, కాగితాలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. మామూలు హోమ్ లోన్ సాంక్షన్ లెటర్ చూసుకుని ధీమా పడకు. మామూలుగా అయితే రిజిస్ట్రేషన్ రోజున చెక్కు ఇస్తారు. ఇక్కడ మొత్తం కడితేగానీ, రిజిస్ట్రేషన్‌కు కావాల్సిన సేల్ సర్టిఫికెట్ రాదు. అందుకని వేలం ఆస్తికే ఇస్తున్నామని, డబ్బు నేరుగా ఆ బ్యాంకుకే పంపుతామని రాతలో ఉండాలి.

చిట్టీ పాడి కడతానని మీ అమ్మతో అన్నావట. పాటలో వదులుకునే సొమ్మునూ ఫ్లాట్ ధరలో కలిపి చూడు. మీ అత్తయ్య నగల మీద గోల్డ్ లోన్ నేనే ఇప్పిస్తా, అదీ మూడు నెలలకే!

నోటీసులో 'సింబాలిక్ పొజెషన్' అని ఉంది, గమనించావా? ఇల్లు ఇంకా బ్యాంకు చేతికి రాలేదన్నమాట. మేజిస్ట్రేట్ ఆర్డర్ తెచ్చి ఖాళీ చేయించేదాకా అద్దె రాదు, ఈఎంఐ ఆగదు. 45 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లంటే నెలకు 39 వేలు. నువ్వు చెప్పే అద్దె 22 వేలు. ఖాళీ అయ్యాక కూడా నెలనెలా 17 వేలు జీతంలోంచి తీయాలి. ఏడాది ఈఎంఐ పక్కన పెట్టలేకపోతే ఇది వదిలెయ్. వేలాలకేం కరువు లేదు.

ఆదివారం వెళ్లి అసోసియేషన్ సెక్రటరీని కలువు. పాత కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ బకాయిలు కొన్నవాడి నెత్తిన పడొచ్చు. ధర 50 లక్షలు దాటింది గనక అందులో 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం కట్టిన విలువ నీ ధరకన్నా 10 శాతానికి మించి ఎక్కువుంటే, ఆ తేడాను నీ ఆదాయంగా చూసి పన్ను వేస్తారు. ఆ ముక్క ఆడిటర్‌ని అడుగు.

ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీసి నాకు పంపు. ఈఎండీ కట్టేముందు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య