శవం దగ్గర రక్తం తక్కువుంటే, వేరేచోట చంపి తెచ్చి పడేసినట్టేనా?

అలా తేల్చెయ్యలేమండీ. మీరు చెప్పిన ప్రకారం 1961లో రామాయపట్నం వైపు సరుగుడు తోటలో మీ పెదతాతగారి శవం దొరికింది. ఎడమ రొమ్ములో ఒకటే పోటు, ఇసుక మీద రక్తం దాదాపు లేదు, హంతకుడెవరో తేలలేదు. ఎక్కడో పొడిచి తెచ్చి పడేశారని ఇంట్లోవాళ్ల నమ్మకం.

రొమ్ములో పోటు పడితే రక్తం బయటికే రావాలని లేదు. సన్నటి కత్తి దిగి వెనక్కి వస్తే చర్మం, కండ మళ్లీ దగ్గరికొచ్చి కంత మూసుకుంటుంది. రక్తం ఛాతీలోనే నిండుతుంది. మనిషి ఒంట్లో మొత్తం ఉండేదే సుమారు 5 లీటర్లు, అందులో రెండు లీటర్లు లోపలికి కారినా ప్రాణం పోతుంది. అందుకే పోస్టుమార్టం కాపీలో ముందు ఛాతీలో ఎంత రక్తం ఉందని రాశారో చూడండి. పాత రిపోర్టుల్లో ఔన్సుల్లో ఉండొచ్చు, ఔన్సు అంటే 28 మి.లీ. పైచిలుకు. తర్వాత పంచనామాలో పంచె, బనీను ఎంతవరకు తడిశాయో, శవం కింద ఇసుక తవ్వి తీశారో లేదో చూడండి. పొడి ఇసుకలో రక్తం కిందికి ఇంకిపోతుంది, పైపైన చూసినవాళ్లకి ఏమీ కనిపించదు.

శవాన్ని కదిపారా లేదా అన్నదానికి నేను ఎక్కువ విలువిచ్చేది ఒంటి మీది మచ్చలకి. చనిపోయాక రక్తం కిందివైపుకి దిగి, మొదటి రెండు మూడు గంటల్లో ఎరుపు, ఊదా కలిసిన మచ్చలు పడతాయి. 6 నుంచి 12 గంటల్లో అవి కదలకుండా స్థిరపడతాయి. వెల్లకిలా దొరికిన శవానికి మచ్చలు రొమ్ము, పొట్ట మీద ఉంటే, చాలాసేపు బోర్లా ఉన్నాక తిప్పారన్నమాట. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పొడిచిన అరగంటలో మోసుకొస్తే ఈ మచ్చల వల్ల ఆ సంగతి తెలియదు. రక్తం బాగా పోయినవాళ్లకి, నల్లటి ఒంటివాళ్లకి అవి సరిగా కనిపించవు, కాబట్టి రిపోర్టులో "లేవు" అని ఉన్నంత మాత్రాన నిజంగా లేవనుకోకండి.

గాయం 5 అంగుళాల లోతు కాబట్టి కత్తి కూడా 5 అంగుళాలే అనే లెక్క కుదరదు. బలంగా పొడిస్తే ఛాతీ లోపలికి నొక్కుకుపోతుంది, అప్పుడు 4 అంగుళాల కత్తయినా అంత లోతు దిగగలదు. గాయం ఒక కొన సూదిగా, రెండోది మొద్దుగా ఉందని రాసుంటే ఒకవైపే పదునున్న కత్తి అనుకోవచ్చు. అరచేతుల మీద, ముంజేతుల మీద కోతలుంటే ఆయన అడ్డుకున్నట్టు. అవి లేకపోతే నిద్రలోనో, నమ్మినవాడి చేతిలోనో జరిగిందని ఊహించవచ్చు గానీ రుజువు కాదు.

కలకత్తా సీరాలజిస్టు (రక్తపు మరకలు పరీక్షించే ప్రభుత్వ నిపుణుడు) రిపోర్టు దొరికి, అందులో మరక చెడిపోయింది, మూలం తేలలేదు అని ఉంటే అది మనిషి రక్తం కాదని అర్థం చేసుకోకండి. పరీక్షకి పనికిరాలేదు, అంతే. ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అయింది) ఏర్పడింది 1970లో, అప్పటిదాకా రామాయపట్నం వైపు ఉన్న కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాదే. మిగతా కాగితాలు ముందు నెల్లూరులో అడగండి.