ప్రాక్సీ వెనక మూడు సబ్‌డొమైన్లు: డాక్స్ తెరిస్తే బ్లాగ్ వస్తోంది, పోర్టల్ తిరుగుతూనే ఉంది

మీ సెటప్ నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒక క్లౌడ్ సర్వర్, ఒకే ఐపీ, అందులో ఎన్‌జినెక్స్ (సైట్లను అందించే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్). బ్లాగ్, డాక్స్, పోర్టల్ అని మూడు సబ్‌డొమైన్లు. ముందు క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నిలబడే సేవ), దాని ఎస్ఎస్ఎల్ మోడ్ (ఎన్‌క్రిప్షన్ సెట్టింగు) ఫ్లెక్సిబుల్. డాక్స్ కొడితే బ్లాగ్ తెరుచుకుంటోంది. పోర్టల్ అయితే రీడైరెక్టులు ఎక్కువయ్యాయని బ్రౌజర్ చేతులెత్తేస్తోంది. ఇలాంటి సర్వరే నేనూ చాలాకాలంగా నడుపుతున్నాను. ఇవి రెండు వేర్వేరు జబ్బులు, విడివిడిగా చూడండి.

ముందు డాక్స్ సంగతి. ఐపీ ఒకటే కాబట్టి ఎవరికి ఏ సైట్ ఇవ్వాలో ఎన్‌జినెక్స్ బ్రౌజర్ పంపే హోస్ట్ హెడర్‌లోని సైట్ పేరు చూసి తేల్చుకుంటుంది. ఆ పేరున్న సర్వర్ బ్లాక్ (కాన్ఫిగ్‌లో ఒక్కో సైట్‌కి రాసే భాగం) లేకపోతే ఎర్రర్ ఇవ్వదు, ఆ పోర్టులో డిఫాల్ట్ అని ఏదీ రాయకపోతే మొదట చదివిన బ్లాక్‌కి అప్పజెప్పేస్తుంది. ఫైళ్లను అక్షరక్రమంలో చదువుతుంది, మీ మూడింట్లో బ్లాగ్ ముందుంది. అంటే డాక్స్ బ్లాక్ అసలు లోడ్ కాలేదన్నమాట: సర్వర్ నేమ్‌లో అక్షరం తేడా, లేదా సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో లింక్ లేకపోవడం, లేదా రీలోడ్ మర్చిపోవడం. ఎన్‌జినెక్స్‌ని పెద్దక్షరం టీ ఆప్షన్‌తో నడిపితే రీలోడ్ చేస్తే లోడయ్యే కాన్ఫిగ్ మొత్తం చూపిస్తుంది, అందులో డాక్స్ కోసం వెతకండి. ఫైలు తెరిచి చూసుకుని తృప్తిపడితే లాభం లేదు.

ఇది సరిచేశాక ఏ పేరుకీ చెందని రిక్వెస్టుల కోసం డిఫాల్ట్ సర్వర్ అని విడిగా ఒక బ్లాక్ పెట్టి 444 (జవాబివ్వకుండా కనెక్షన్ మూసేయమనే ఎన్‌జినెక్స్ కోడ్) రిటర్న్ చేయండి. హెచ్‌టీటీపీఎస్ పోర్టు 443లో అయితే ఎస్ఎస్ఎల్ రిజెక్ట్ హ్యాండ్‌షేక్ ఆన్ చేస్తే సరిపోతుంది, అది 1.19.4 వెర్షన్ నుంచీ ఉంది. పేరు తప్పితే వేరే సైట్ కనబడటం కంటే ఏమీ రాకపోవడమే మేలు.

ఇక పోర్టల్. ఫ్లెక్సిబుల్‌లో ప్రాక్సీ మీ సర్వర్‌తో 80వ పోర్టులో మామూలు హెచ్‌టీటీపీలోనే మాట్లాడుతుంది. మీ బ్లాకేమో హెచ్‌టీటీపీఎస్‌కి పొమ్మంటుంది. బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉంది, మళ్లీ అడుగుతుంది, ప్రాక్సీ మళ్లీ 80కే వస్తుంది. ఫుల్ స్ట్రిక్ట్‌కి (సర్వర్‌తోనూ హెచ్‌టీటీపీఎస్‌లోనే మాట్లాడి, సర్టిఫికెట్ సరిచూసే మోడ్) మార్చండి, నా లెక్కలో ఫ్లెక్సిబుల్ ఎవరూ వాడాల్సిన మోడ్ కాదు. ఒక్క జాగ్రత్త: మార్చిన క్షణం నుంచీ హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్ అంతా 443కి వస్తుంది, కాబట్టి మూడు పేర్లకీ అక్కడ బ్లాకులూ సర్టిఫికెట్టూ ముందే సిద్ధంగా ఉండాలి. ఎప్పుడూ ప్రాక్సీ వెనకే ఉంచేటట్లయితే క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చే ఆరిజిన్ సర్టిఫికెట్ చాలు, 15 ఏళ్లదాకా తీసుకోవచ్చు. కానీ నారింజ మబ్బు (ప్రాక్సీ ఆన్‌లో ఉందని క్లౌడ్‌ఫ్లేర్ చూపే గుర్తు) ఆపి నేరుగా తెరిస్తే బ్రౌజర్ దాన్ని నమ్మదు. అప్పుడప్పుడూ ఆపే అలవాటుంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వైల్డ్‌కార్డే (సబ్‌డొమైన్లన్నిటికీ ఒకే సర్టిఫికెట్) నయం, దానికి డీఎన్ఎస్ ఛాలెంజ్ (డొమైన్ మీదేనని డీఎన్ఎస్ రికార్డుతో రుజువు చేయడం) తప్పనిసరి. బ్రౌజర్ వైపు క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చే ఉచిత యూనివర్సల్ సర్టిఫికెట్ ఒక్క మెట్టు సబ్‌డొమైన్లకే పనిచేస్తుంది, డాక్స్ కింద మళ్లీ టెస్ట్ అని పెట్టుకుంటే హ్యాండ్‌షేకే కాదు.

ఎన్‌జినెక్స్ నుంచి రిక్వెస్టుని వెనకున్న యాప్‌కి పంపేటప్పుడు హోస్ట్ హెడర్‌నీ ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటోనీ (అసలు రిక్వెస్టు హెచ్‌టీటీపీలో వచ్చిందా, హెచ్‌టీటీపీఎస్‌లోనా అని చెప్పే హెడర్) సెట్ చేయండి. రెండోది లేకపోతే కొన్ని ఫ్రేమ్‌వర్కులు తాము హెచ్‌టీటీపీలో ఉన్నామనుకుని ఇదే లూప్‌ని సొంతంగా మొదలుపెడతాయి.

ఐపీల గురించి ఎవరూ ముందే చెప్పరు గానీ, లాగ్‌లో మీకు కనబడేవన్నీ ప్రాక్సీ ఐపీలే. ఫెయిల్‌టూబ్యాన్ (లాగ్ చూసి అనుమానం వచ్చిన ఐపీలను ఆపే ప్రోగ్రామ్) ఉంటే అది ఎవడో ఒకడి కోసం క్లౌడ్‌ఫ్లేర్ ఐపీనే నిషేధించి, ఆ దారిన వచ్చే మంచివాళ్లనీ ఆపేస్తుంది. ఎన్‌జినెక్స్ రియల్ ఐపీ మాడ్యూల్‌తో సందర్శకుడి అసలు ఐపీ ఉండే సీఎఫ్ కనెక్టింగ్ ఐపీ హెడర్ చదివించండి, అదీ క్లౌడ్‌ఫ్లేర్ ప్రకటించిన రేంజ్‌ల నుంచి వస్తేనే. అప్పుడు లాగ్ బాగుపడుతుంది, కానీ సర్వర్ ఫైర్‌వాల్‌లో ఆ ఐపీని ఆపినా ఉపయోగం లేదు, ప్యాకెట్ వచ్చేది ప్రాక్సీ నుంచే కదా. ఆపాల్సింది క్లౌడ్‌ఫ్లేర్ వైపే. డాకర్ (యాప్‌లను కంటెయినర్లలో నడిపే ప్రోగ్రామ్) వాడుతుంటే పోర్టుల్ని 127.0.0.1కి, అంటే సర్వర్ లోపలికి మాత్రమే, కట్టేయండి, లేకపోతే యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌ని దాటుకుని బయటికి తెరుచుకుంటాయి.

పరీక్షించడం లోపలి నుంచి బయటికి: యాప్ పోర్టు, తర్వాత సర్వర్‌లోనే కర్ల్ కమాండ్ రిజాల్వ్ ఆప్షన్‌తో (సైట్ పేరుని మనం చెప్పిన ఐపీకే పంపేది) ఎన్‌జినెక్స్, చివర్న బ్రౌజర్. 502 వస్తే సాధారణంగా యాప్ పడుకుంది, 521 అయితే ప్రాక్సీని సర్వరే రానివ్వలేదు, 526 అయితే సర్టిఫికెట్. ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అవడం) మాత్రం ప్రాక్సీ ఉన్న పేరుతో కలవదు, నేరుగా ఐపీ వాడండి.