పదేళ్లు ఉంచుకునే కారు పెట్రోలా, ఎలక్ట్రిక్కా? ముందు సెల్లార్‌లోకి దిగి చూడండి

"హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, నెలకు వెయ్యి కిలోమీటర్ల తిరుగుడు, కారు పదేళ్లు ఉంచుకోవాలి. పెట్రోల్ మేలా, ఎలక్ట్రిక్ మేలా?" అని ఒకరు అడిగారు. షోరూముకి వెళ్లేముందు మీ అపార్ట్‌మెంట్ మీటర్ బోర్డు నుంచి మీ పార్కింగ్ దాకా ఎన్ని అడుగుల వైరు పడుతుందో కొలవండి. నన్నడిగితే సగం జవాబు అక్కడే ఉంది.

ముందు ఖర్చు చూద్దాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు. పెట్రోల్ కారు సిటీ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని లీటరుకు 15 ఇస్తే 800 లీటర్లు కావాలి. లీటరు 107 అనుకుంటే 85,600 రూపాయలు. ఎలక్ట్రిక్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, ఛార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకుని, ప్లగ్గు దగ్గర కొలిచిన యూనిట్‌కు 6 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే 2,000 యూనిట్లు. పై స్లాబ్‌లో పడి యూనిట్ 10 రూపాయలైనా 20,000. ఏడాదికి 65,000 మిగులు. రెండు కార్ల ఆన్‌రోడ్ ధరలో తేడా మూడున్నర లక్షలుంటే ఐదున్నరేళ్లలో తీరిపోతుంది. 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణలో ఎలక్ట్రిక్‌కు రోడ్ ట్యాక్స్ మాఫీ ఉంది కాబట్టి ఎక్స్‌షోరూమ్ ధరలు పక్కన పెట్టి ఆన్‌రోడ్ ధరలే పోల్చండి. ఇంట్లో ప్లగ్గు లేక బయట ఫాస్ట్ ఛార్జర్లే గతి అయితే యూనిట్ 22 దాకా పడుతుంది. అప్పుడు అదే తేడా తీరడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. తిరుగుడు నెలకు 500 కిలోమీటర్లే అయితే ఇంట్లో ఛార్జ్ చేసినా పదేళ్లు దాటితే గానీ పెట్టింది రాదు.

ఇక ప్లగ్గు సంగతి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. కారుతో ఇచ్చే పోర్టబుల్ ఛార్జర్ 15 యాంప్ పాయింట్ మీద 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. గీజర్ కూడా ఇంచుమించు అంతే లాగుతుంది కానీ పావుగంటలో ఆగిపోతుంది. కారు రాత్రంతా లాగుతుంది, 45 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే 15 గంటలు. సాకెట్ వెనక టెర్మినల్ స్క్రూ ఒక్క చుట్టు వదులుగా ఉన్నా చాలు, అక్కడ వేడి పుడుతుంది. ముందు ఇన్సులేషన్ మెత్తబడుతుంది, తర్వాత ప్లగ్గు పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ, ఆపైన కాలిన వాసన. అందుకే మొదటి రాత్రి గంట ఛార్జింగ్ అయ్యాక ఆపి, ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే మళ్లీ పెట్టొద్దు, సాకెట్ మార్పించండి. వాచ్‌మన్ గది నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సరైన పద్ధతి ఏమిటంటే, మీ మీటరు నుంచి కారుకు విడిగా ఒక లైను. 15 యాంప్ పాయింటుకు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ (గోడకు బిగించే ఛార్జర్) అయితే 32 యాంపులు లాగుతుంది కాబట్టి 6 స్క్వేర్ ఎంఎం, దూరం 30 మీటర్లు దాటితే 10. దానికి 40 యాంప్ ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీయాంప్ టైప్ ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్). సాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) 5 కిలోవాట్లే ఉంటే ముందే పెంచమని డిస్కంకు (కరెంటు సరఫరా కంపెనీకి) అప్లై చేసుకోండి. ఎర్తింగ్ చూడకుండా ఏదీ బిగించొద్దు. మల్టీమీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే రెండు మూడు వోల్టులు మించకూడదు. పాత అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు నేలలోకి దిగే గుంట) ఎండిపోయి ఉంటుంది. ఛార్జర్ ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంటే కారు చెడిందని సర్వీసుకు తీసుకెళ్తారు గానీ, తప్పు నేలలో ఉంటుంది.

అసోసియేషన్లతో గొడవ వేరే. ఉన్న కనెక్షన్ మీదే ఇంట్లో వాహనం ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అని ఆపే కమిటీలున్నాయి. అందరూ అడగాల్సిందే కదా! అడ్వాన్స్ కట్టకముందే కమిటీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

బ్యాటరీ పదేళ్లు ఉంటుందా అన్న భయం అవసరానికి మించి ఉంది. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ మామూలైపోయింది. కొన్ని కంపెనీలు ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి ఓనరుకే, అమ్మే ఆలోచన ఉంటే అది గుర్తుంచుకోండి. నిజంగా చూడాల్సింది ఆన్‌బోర్డ్ ఛార్జర్ (ఇంటి కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే, కారు లోపలి భాగం), డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ నుంచి లైట్లు, హారన్ లాంటివాటికి 12 వోల్టులు ఇచ్చేది). ఇవి చాలాసార్లు బ్యాటరీ వారంటీలో ఉండవు, మూడేళ్ల వాహన వారంటీలో ఉంటాయి. పోతే రిపేరు చేయరు, యూనిట్ మొత్తం మారుస్తారు. అందుకని ఎలక్ట్రిక్ కొంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాల్సిందే. బ్యాటరీలో ఉన్నవి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ అయితే వారానికోసారి 100 శాతం నింపండి, లేకపోతే డ్యాష్‌బోర్డు చూపించే ఛార్జింగ్ శాతం తప్పుతుంది. ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్) సెల్స్ అయితే రోజువారీకి 80 దగ్గర ఆపండి. ఏ రకమైనా మే నెల ఎండలో నిండు ఛార్జింగుతో రోజుల తరబడి వదిలేయకండి.

ప్లగ్గు కుదరకపోతే మొహమాటం లేకుండా పెట్రోలే తీసుకోండి. కానీ పదేళ్లకు టర్బో ఇంజిను, డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ గేరు) కలిసిన కారు వద్దు. కూకట్‌పల్లి లాంటి ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోతే క్లచ్ వేడెక్కిపోతుంది. టర్బో లేని ఇంజిను, మాన్యువల్ గేరు లేదా సీవీటీ (మెట్లు లేకుండా సాఫీగా మారే ఆటోమేటిక్ గేరు), టైమింగ్ బెల్టు కాకుండా చైను ఉన్నది చూసుకోండి. బంకుల్లో ఇప్పుడు మామూలు పెట్రోలంటే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపింది) తప్ప వేరే దిక్కు లేదు, కొనేవాడికి ఎంచుకునే వీలే లేకుండా చేశారు. అందుకే సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు 2023 ఏప్రిల్‌కు ముందు తయారైనదైతే ఈ20కి పనికొస్తుందో లేదో మాన్యువల్‌లో చూడండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి కారు నెలల తరబడి కదలకుండా ఉంచొద్దు. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే వాడకమైతే ఇంజిను పూర్తిగా వేడెక్కదు, పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది. అలాంటివాళ్లు వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట నడిపి, కిలోమీటర్లు 10,000 కాకపోయినా ఏడాది తిరగ్గానే ఆయిలు మార్పించండి.