చిలుకలకు ముందు నమ్మకం, తరువాతే గూటిపెట్టె

ప్రశ్న: మా ఇంట్లో ఏడాది వయసున్న కాకటీల్ (తల మీద జుట్టు ఉండే చిన్న విదేశీ చిలుక) జంట ఉంది. కొని నెలలు గడిచినా, పంజరంలో చెయ్యి పెడితే చాలు, బుసకొడుతూ మూలకు పోతున్నాయి. పెద్ద పక్షులు ఇక మాలిమి కావని, గూటిపెట్టె పెడితే పుట్టే పిల్లలైనా మనకు అలవాటవుతాయని దుకాణదారు చెప్పారు. పెట్టవచ్చునా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ఇప్పుడే పెట్టవద్దు. దుకాణదారు చెప్పిన రెండు మాటలలో మొదటిది నిజం కాదు, రెండవది మీ జంటకు మేలు చేయదు. ఏడాది నిండిన కాకటీల్ గుడ్లు పెట్టగలదు గాని, ఆడపక్షికి కనీసం 18 నెలలు నిండేవరకు ఆగడం మంచిది. శరీరం పూర్తిగా ఎదగకముందే గుడ్లకు దిగిన పక్షిలో గుడ్డు లోపలే అడ్డుపడే ప్రమాదం ఎక్కువ. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మీ చెయ్యి చూసి బెదిరే జంట, మీరు గూటిపెట్టె మూత తెరిచిన ప్రతిసారీ గుడ్ల మీద నుండి ఎగిరి లేస్తుంది. ఆ తొక్కిసలాటలో గుడ్లు పగులుతాయి, పిల్లలు నలుగుతాయి.

ముందుగా పంజరాన్ని మీ కంటి ఎత్తులో, ఒక వైపు గోడకు ఆనించి, ఇంటిల్లిపాదీ కూర్చునే గదిలో పెట్టండి. కాకులు, పిల్లులు వచ్చే బాల్కనీ పనికిరాదు. వంటగది అసలే వద్దు, ఎందుకంటే మాడిన నాన్‌స్టిక్ పెనం నుండి వచ్చే పొగ నిమిషాలలో చిలుకల ప్రాణం తీయగలదు. తరువాత రోజూ ఉదయం, గింజల గిన్నె నింపకముందే, ఒక కొర్ర కంకిని కమ్మీల సందులో నుండి అందించి కదలకుండా కూర్చోండి. తలకు అంటుకుని అణిగిన జుట్టు, దానికి తోడు బుస, భయానికి గుర్తులు. జుట్టు నిటారుగా లేస్తే ఉలిక్కిపడిందని అర్థం. కాస్త వెనక్కి వాలి వదులుగా ఉంటే మనసు కుదుటపడినట్టే. బుసకొట్టిన చోట చెయ్యి ఆపి, జుట్టు వదులయ్యాక నెమ్మదిగా వెనక్కి తీయాలి గాని, పంతానికి పోయి ముందుకు నెట్టకూడదు. రెండింటిలో ఒకటి ముందుగా కంకి కొరుకుతుంది, రెండవది దాన్ని చూసి దగ్గరకు వస్తుంది. కమ్మీల వద్ద బెరుకు పోయాకే తలుపు తెరిచి, కంకిని అరచేతికి, ఆపై మణికట్టు దాటి మోచేతి వైపు జరుపుతూ పోతే, తినడానికి అవే చేతి మీదకు ఎక్కుతాయి.

గుడ్డ కప్పి పట్టుకోవడం వంటి పనులు, అత్యవసరమైతే తప్ప, చేయవద్దు. వారాల శ్రమ ఒక్క పట్టుతో పోతుంది. మాలిమి అయ్యాక కూడా తల, మెడ మాత్రమే నిమరాలి. వీపు మీద, రెక్కల కింద నిమిరితే ఆడపక్షి దాన్ని జతకట్టే పిలుపుగా తీసుకుని, మగపక్షి తోడు లేకుండానే గుడ్లు పెట్టవచ్చు.

ప్రశ్న: మా కాకటీల్ జంట బాగా మాలిమి అయినది. రెండింటికీ రెండేళ్ళు దాటాయి. మొన్న డిసెంబరు మొదటి వారానికల్లా ఐదు గుడ్లు పెట్టి, ఒక రాత్రి ఏదో కలకలం తరువాత పొదగడం మానేశాయి. రెండు గుడ్లు పగిలిపోయాయి. మళ్ళీ ఎలా సిద్ధం చేయాలి?
– ఒక పాఠకుడు, చినవాల్తేరు

జవాబు: పొదగడం మానడానికి కారణాలు చాలా ఉంటాయి గాని, మీరు చెప్పిన తీరు చూస్తే రాత్రి బెదురే మొదటి అనుమానం. చీకటిలో చిన్న శబ్దానికే రెక్కలు కొట్టుకుంటూ పడిపోవడం కాకటీల్‌లకు సహజ బలహీనత. మగపక్షి పగలు, ఆడపక్షి రాత్రి పొదుగుతాయి కాబట్టి, రాత్రి బెదిరి బయటకు వచ్చిన ఆడపక్షికి చీకటిలో తిరిగి గూటి దారి దొరకకపోతే తెల్లవారేసరికి గుడ్లు చల్లబడిపోతాయి. గదిలో చిన్న బెడ్‌లైటు వెలుగుతూ ఉండాలి. కరెంటు పోయినా ఆరని, చార్జింగ్ పెట్టుకునే రకమైతే మరీ మంచిది.

కాలం కూడా చూసుకోవాలి. మన విశాఖ నగరంలో అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పక్షులను పెంచేవారు పడిన అవస్థ చాలామందికి గుర్తుండే ఉంటుంది. దీపావళి బాణసంచా సరేసరి. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవ విన్యాసాలు మన తీరంలో జరిగే ఏడాది, వాటి సాధనలో యుద్ధవిమానాలు తీరం వెంట తక్కువ ఎత్తులో వెళ్తే, బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న మీ ఇంట్లో కిటికీ అద్దాలే అదురుతాయి. నా సలహా అడిగితే సంక్రాంతి దాటాక గూటిపెట్టె పెట్టండి. రోజు విడిచి రోజు గుడ్లు పెట్టి, 18 నుండి 21 రోజులు పొదిగి, పిల్లలు నాలుగైదు వారాలకు గూడు దాటి, తమంతట తాము తినడం నేర్చే 8 నుండి 10 వారాల గడువులో ఎక్కువ భాగం మే ఎండల ముందే గడిచిపోతుంది.

పెట్టె ప్రతి వైపు అడుగు కొలతతో, 3 అంగుళాల రంధ్రంతో ఉంటే చాలు. అడుగున రెండు అంగుళాల మందాన, రసాయనం తగలని చెక్క చిత్రిక పట్టిన పొట్టు పరవండి. నున్నని అడుగు మీద గుడ్లు దొర్లుతాయి, పిల్లల కాళ్ళు పక్కలకు చాచుకుపోతాయి. పెట్టె పెట్టడానికి నెల ముందు నుండే గింజలకు తోడు మొలకెత్తిన పెసలు, మునగాకు, తోటకూర, ఉడికించిన గుడ్డు అలవాటు చేయాలి. సున్నపు ధాతువు కోసం పంజరంలో సముద్రపు నురుగు (కటిల్ చేప తెల్లని ఎముక) కట్టండి. అది మన తీరానికి కొట్టుకు వచ్చేదే కాబట్టి ఏరుకోవచ్చు గాని, కొన్ని రోజులు మంచినీళ్ళు మారుస్తూ నానబెట్టి, బాగా ఎండబెట్టాకే ఇవ్వాలి.

గుడ్లు పెట్టే రోజులలో ఆడపక్షి ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని తోక ఊపుతూ ముక్కుతున్నట్లు కనిపిస్తే, గుడ్డు అడ్డుపడిందని అనుమానించాలి. దానిని 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. నూనె రాసి పొట్ట నొక్కే నాటువైద్యం చేస్తే గుడ్డు లోపలే పగిలి పక్షి చనిపోవచ్చు. ఏడాదికి రెండు ఈతలు చాలు. ఆపై పెట్టె తీసివేయండి.

ప్రశ్న: మాకు దొరికిన రామచిలుక పిల్ల ఇప్పుడు పెద్దదై మాటలు నేర్చింది. దీనికి జత తెచ్చి పిల్లలు చేయించవచ్చునా?
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: కూడదు. రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జత కోసం బేరమాడితే ఇంకొక గూడు దోచినవారికి డబ్బు ఇచ్చినట్టే. మనుషులకు అలవాటు పడిన చిలుకను మీరే తీసుకువెళ్ళి కంబాలకొండ అడవి వైపు వదిలేసినా అది బతకడం కష్టం. అటవీ శాఖ అధికారులకు అప్పగించండి. చిలుకల మీద మక్కువ ఉంటే కాకటీల్, బడ్జీ వంటి విదేశీ జాతులను పెంచుకోండి. సన్ కాన్యూర్, ఆఫ్రికన్ గ్రే వంటి వాటిని మాత్రం 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వాటికి పుట్టిన పిల్లల వివరాలు కూడా తెలపాలి. కొనేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి.